తేదీ లేని సెలవు చీటీలు

దివిసీమలో ఒక పోలీసు స్టేషన్లో నేను ఆరేళ్ళపాటు రైటర్‌గా పనిచేశాను. రైటరంటే స్టేషన్లో కాగితం పనంతా చూసే హెడ్ కానిస్టేబులు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఏ పని మీద ఎక్కడికి వెళ్ళారు, ఎన్నింటికి తిరిగొచ్చారు, ఇదంతా జనరల్ డైరీలో రాయాలి. ఎవరికి ఏ డ్యూటీ వేయాలో చూడాలి. సెలవుల రిజిస్టరు కూడా మన దగ్గరే. స్టేషన్ పేరు మాత్రం అడక్కండి. అక్కడ ఇంకా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళున్నారు, నా మూలంగా వాళ్ళు ఒకసారి పడింది చాలు.

మాది గుడివాడ పక్కన పల్లెటూరు. మా నాన్న కూలి పనికి వెళ్తూనే మా ఊరి చర్చిలో సంఘపెద్దగా ఉండేవాడు. అబద్ధం ఆడితే నాలిక మీద కారం పెడతాననేవాడు, ఒకసారి పెట్టాడు కూడా. పెళ్ళయ్యాక బందరు వచ్చాను. మా ఆయనది చిలకలపూడిలో రోల్డుగోల్డు పని, గాజులకీ గొలుసులకీ పూత వేస్తాడు. పని చేసిన రోజుకి కూలి ఉంటుంది, చేయని రోజుకి ఉండదు. ఆయన దృష్టిలో సెలవంటే అంతే. మా డిపార్టుమెంటు సెలవుల గురించి నేను చెప్పడం మొదలుపెడితే నవ్వేవాడు. ఇన్ని రకాల సెలవులు ఉన్నాయంటావు, పెళ్ళయిన దగ్గర్నుంచి నువ్వు ఒక్కటీ సుఖంగా వాడుకోవడం నేను చూళ్ళేదే అనేవాడు. నాకు ఒళ్ళు మండేది కానీ ఏమని తిప్పికొట్టను, నిజమే కదా.

రూలు పుస్తకం తెరిస్తే మాకేం తక్కువండీ. ఏడాదికి పదిహేను క్యాజువల్ లీవులు. జనవరిలో కొన్ని, జులైలో కొన్ని ఆర్జిత సెలవులు మన ఖాతాలో పడతాయి. వాడుకోకపోతే కొన్ని ప్రభుత్వానికి తిరిగిచ్చి ఆ రోజుల జీతం తీసుకోవచ్చు. ఒంట్లో బాగోకపోతే సగం జీతం సెలవు. అన్నీ అయిపోతే జీతం లేని సెలవు. వీటన్నిటికీ అడుగున, ఎవరికీ పెద్దగా గుర్తుండనిది ఇంకొకటి ఉంది, హాస్పిటల్ లీవు. డ్యూటీలో దెబ్బ తగిలి మంచం పట్టినవాడికి జీతంతో ఇచ్చేది. మిగతా సెలవులు కరగకుండా కాపాడేది. నా సర్వీసులో దాన్ని ఒక్క మనిషికే ఇవ్వడం చూశాను. ఆ మనిషికి అది రాకుండా అడ్డం పడ్డది నేనే.

పుస్తకంలో ఉన్నవి చేతికి రావడం వేరే సంగతి. పండగొస్తే లోకానికి సెలవు, మాకు బందోబస్తు. ఎన్నికలు, తిరునాళ్ళు, పెద్దవాళ్ళ రాకపోకలు. అల్పపీడనం అని టీవీలో అనగానే మా కానిస్టేబుళ్ళు రాసుకున్న సెలవు చీటీలు మళ్ళీ జేబులో పెట్టేసుకునేవాళ్ళు, ఇంక ఎలాగూ ఇవ్వరని. వీక్లీ ఆఫ్ అని ఒకటి వచ్చింది, మనుషులు సరిపడా ఉన్న వారాల్లో దొరుకుతుంది. నా పెళ్ళికి నేను నాలుగు రోజులడిగితే అప్పటి మా అధికారి మూడు రోజులు రాసి, నాలుగో రోజు ఏం పనమ్మా అని అడిగారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. నేను సిగ్గుతో చచ్చి, ఏం లేదు సార్ అని సెల్యూట్ కొట్టి వచ్చేశాను. డిసెంబరు నెలాఖరు రాత్రికి మిగిలిన క్యాజువల్ లీవులన్నీ ఎవరికీ కాకుండా పోయేవి. ఏటా అంతే.

అందుకని మా స్టేషన్లో ఒక ఆచారం ఉండేది. కొత్తగా ఎవరు బదిలీ మీద వచ్చినా, మొదటి వారంలోనే తెల్ల కాగితం మీద సెలవు చీటీ రాసి, కింద సంతకం పెట్టి రైటర్‌కి ఇచ్చేవాళ్ళు. ఒకటి కాదు, రెండో మూడో. అందులో తేదీ ఉండదు. కారణం రాసే చోటు ఖాళీ. పొద్దున్న ఏడింటికి రోల్‌కాల్‌లో మనిషి కనపడకపోతే, ఫోనూ తీయకపోతే, పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే, రైటరు డ్రాయరు లాగి ఆ చీటీ తీసి తేదీ వేసి జ్వరమనో కడుపునొప్పనో రాసేయడమే. గైర్హాజరు అని పడాల్సినవాడికి ఒక రోజు క్యాజువల్ లీవు పడుతుంది. ఎలాగూ డిసెంబర్లో పోయేదే కదా. నాకు ముందు పనిచేసిన రైటరు ఛార్జి అప్పజెప్పేటప్పుడు తాళాలు, రిజిస్టర్లు, చేతి సంకెళ్ళు లెక్కపెట్టి ఇచ్చి, చివర్లో రబ్బరు బ్యాండు వేసిన ఆ చీటీల కట్ట చేతిలో పెట్టి, అమ్మా ఇవి లిస్టులో ఉండవు, జాగ్రత్త అన్నాడు.

తప్పని నాకు తెలీదా? తెలుసు. అయినా నేను ఆ కట్టని నెత్తిన పెట్టుకున్నాను, దానికో కారణం ఉంది. నేను కానిస్టేబుల్‌గా గుడివాడ వైపు ఒక స్టేషన్లో ఉన్నప్పుడు, మా పెద్దపిల్లకి తెల్లారేసరికి ఫిట్స్ వచ్చాయి. పిల్లని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాను, ఫోన్ చేయాలన్న స్పృహ లేదు. అక్కడి రైటరు రూలు ప్రకారం గైర్హాజరు అని రాశాడు. ఆ ఒక్క మాట మీద మెమో వచ్చింది, సంజాయిషీ, మళ్ళీ మెమో, ఏడాది పాటు ఇంక్రిమెంటు ఆగింది. జీతం సంగతి అలా ఉంచండి. గైర్హాజరు అని నా సర్వీసు రిజిస్టర్లో ఎక్కిన ఆ మాట చదివిన ప్రతిసారీ, పిల్లని ఎత్తుకుని పరిగెత్తిన ఆ తల్లి ఎక్కడికో షికారుకి పోయినట్టుండేది. నేను రైటరయ్యాక నా చేత్తో ఎవరికీ ఆ మాట రాయనని ఒట్టు పెట్టుకున్నాను. ఆరేళ్ళలో ఆ కట్టలోంచి ఎన్ని చీటీలు తీశానో నాకే గుర్తులేదు. ప్రతిసారీ పుణ్యం చేసినట్టే ఉండేది.

మా కానిస్టేబుళ్ళలో ఒకతనిది ఘంటసాల ఊరు. ఇంట్లో తల్లీ, భార్యా, చిన్న పిల్లా. ఎనిమిదేళ్ళ సర్వీసు. కోడూరు వైపు ఊళ్ళు అతని బీటు. మాట తక్కువ, పని ఎక్కువ. నన్ను అక్కా అని పిలిచేవాడు. పెదవి విప్పి సెలవడగడం రాని మనిషి. తల్లికి ఆపరేషనైనప్పుడు కూడా నేనే గదమాయించి ఆర్జిత సెలవు పెట్టించాను, ఉన్నదాంట్లో చాలా వరకు దానికే పోయింది. అతని ఖాళీ చీటీలు రెండు నా డ్రాయర్లో ఉండేవి. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆ రోజు పొద్దున్న రోల్‌కాల్‌కి అతను రాలేదు. ఎస్సై గారు ఏదో కేసు పని మీద పొద్దున్నే కోర్టుకి బయల్దేరి వెళ్ళారు. కాసేపటికి సీఐ గారు చెప్పా పెట్టకుండా తనిఖీకి దిగారు. జీపు చప్పుడు వినగానే నేను అతనికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎస్సై గారికి చేస్తే ఆయన ఫోన్ ఆఫ్. ఇంక ఆలోచించలేదు. డ్రాయరు లాగాను, అతని చీటీ తీశాను, తేదీ వేశాను, కారణం దగ్గర జ్వరం అని రాశాను. రిజిస్టర్లో ఎక్కించి, డైరీలో ఫలానా కానిస్టేబులు ఒక రోజు క్యాజువల్ లీవులో ఉన్నాడని రాశాను. సీఐ గారు వచ్చి కూర్చుని, హాజరు చూసి, డైరీ చూసి, ఆ పేజీ కింద సంతకం పెట్టారు. నా పని చక్కగా ఉందన్నారు. లోపల నేను మురిసిపోయాను, ఏడ్చినట్టుంది నా మురిపెం.

పది గంటలప్పుడు స్టేషన్ ఫోన్ మోగింది. సీఐ గారు ఇంకా నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. అవతల ఎవరో రైతు, ఆయాసపడుతున్నాడు. కోడూరు రోడ్డు మీద మీ కానిస్టేబుల్ని రొయ్యల మేత లారీ గుద్దేసిందండీ, కాలు నుజ్జయింది, స్టేషన్‌కి ఫోన్ చెయ్యి, డ్యూటీలో ఉన్నానని చెప్పు అంటున్నాడు అన్నాడు. పేరూ నంబరూ చెప్పాడు. మావాడే.

నేను సీఐ గారి వంక చూశాను. ఆయన సంతకం పెట్టిన పేజీ వంక చూశాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ఆయన ఈ రోజు సెలవులో ఉన్నారండి. ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

విషయం చెప్తే సీఐ గారు లేచి జీపు పంపారు, ఆస్పత్రికి చెప్పించారు, చేయాల్సినవన్నీ చేశారు. పాపం సెలవు పెట్టి కూడా ఇంట్లో ఉండకుండా ఎక్కడికి వెళ్తున్నాడో అన్నారు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా. విప్పలేదు.

సాయంత్రం ఎస్సై గారు కోర్టు నుంచి వచ్చాక అసలు సంగతి తెలిసింది. ముందు రోజు సాయంత్రం ఆయనే అతనికి ఇంటికి ఫోన్ చేసి, పొద్దున్నే స్టేషన్‌కి రాకుండా నేరుగా ఫలానా ఊరికి వెళ్ళమన్నారట. అక్కడ రొయ్యల చెరువులవాళ్ళు ఉప్పునీళ్ళు పంట బోదెలోకి వదిలారని వరి రైతులు కర్రలు పట్టుకుని కూర్చున్నారు, వెళ్ళి సర్దిచెప్పి రమ్మన్నారట. నోటి మాటే. నాకు చెప్పడం మర్చిపోయారు. డైరీలో ఎక్కలేదు. మనిషి వెళ్ళాడు, రెండు పక్షాలనీ కూర్చోబెట్టి శాంతింపజేశాడు, తిరిగొస్తూ లారీ కింద పడ్డాడు. కాగితం మీద మాత్రం జ్వరమొచ్చి ఘంటసాలలో పడుకుని ఉన్నాడు.

నేను ఎస్సై గారికి చీటీ సంగతి చెప్పాను. ఆయన బల్ల మీద పేపర్ వెయిట్ అటూ ఇటూ తిప్పారు. చెడ్డవాడు కాదు, కుర్రాడు, ఉద్యోగంలో కొత్త. ఇప్పుడు కదిపితే మీదీ నాదీ ఇద్దరిదీ మెడకి చుట్టుకుంటుందమ్మా, సీఐ గారి సంతకం కూడా ఉంది, అతను బతికి బయటపడ్డాడు, మిగతాది మనం చూసుకుందాం అన్నారు. నాకు ఆ మాట ఎంత తియ్యగా వినపడిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది. స్టేషన్లో అందరం తలో చెయ్యీ వేసి కొంత డబ్బు పోగుచేసి పంపించాం. దాంతో నా మనసు సగం కుదుటపడింది కూడా.

విజయవాడలో ఆపరేషన్ మీద ఆపరేషన్. కాల్లో రాడ్లు వేశారు. మూడు నెలలు నేల మీద కాలు మోపకూడదన్నారు, తర్వాత ఇంకో ఆరు నెలలన్నారు. మొదట ఉన్న కాస్త ఆర్జిత సెలవూ అయిపోయింది. తర్వాత సగం జీతం సెలవు. అదీ అడుగంటుతోంది. ఆ తర్వాత జీతం లేని సెలవే. ఈ దరఖాస్తులన్నీ రాసిందెవరు? నేనే. ప్రతి దరఖాస్తులోనూ, సెలవులో ఉండగా జరిగిన రోడ్డు ప్రమాదం కారణంగా అని రాయాలి. మొదటిసారి ఆ వాక్యం రెండుసార్లు కొట్టేసి రాశాను. మూడోసారికి అలవాటైపోయింది, అదీ అసలు భయం.

బందరు నుంచి చల్లపల్లి మీదుగా రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళతో కబుర్లు చెప్పడం మానేశాను. కిటికీలోంచి పొలాల్ని చూస్తూ, డ్యూటీ అని ఒక్క మాట రాసి ఉంటే అతనికి ఏమేం వచ్చేవో మనసులో లెక్కేసుకునేదాన్ని. హాస్పిటల్ లీవు వచ్చేది. జీతం ఆగేది కాదు. రేపు ఆ కాలు సరిగ్గా రాకపోతే తేలిక డ్యూటీ అడిగే హక్కు గట్టిగా ఉండేది. ఒక్క గైర్హాజరు మాట రాయనని ఒట్టు పెట్టుకుని, దానికన్నా పెద్ద అబద్ధం రాశాను. గైర్హాజరు అని రాసి ఉన్నా బాగుండేది. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగేవాళ్ళు, అడిగితే నిజం బయటికొచ్చేది. సెలవు అన్న మాట దగ్గర ఎవరూ ఇంక ఏమీ అడగరు.

ఒకసారి ఆస్పత్రికి చూడ్డానికి వెళ్ళాను. నేను చెప్పకముందే అతనికి తెలుసు, స్టేషన్ వాళ్ళెవరో చెప్పారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నోరు తెరవబోతే, మీరు నా మంచికే రాశారక్కా అన్నాడు, కమలాపండు ఒలిచి నా చేతిలోనే పెట్టాడు. తిట్టి ఉంటే తేలికయ్యేది. ఆ పండు తినలేక, పారేయలేక, బ్యాగులో వేసుకుని బందరుదాకా మోసుకొచ్చాను.

నాలుగో నెలలో అతని భార్య స్టేషన్‌కి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు పెద్దది చేసి మాట్లాడ్డం ఎరగదు. చంకలో పిల్ల, చేతిలో బట్టల షాపు కవరు. నా బల్ల ముందు కూర్చోమంటే కూర్చోలేదు. వచ్చే నెల నుంచి జీతం రాదంట కదండీ, సెలవులో ఉండగా పడ్డాడని రాశారంట, ఆయన్నడిగితే పైకి చూస్తూ పడుకుంటున్నారు, ఏమీ చెప్పరు అంది. అని, కవర్లోంచి ఒక ఖాకీ ప్యాంటు తీసి బల్ల మీద పరిచింది. ఒక కాలు నడుం దాకా కత్తెరతో కోసేసి ఉంది, ఆస్పత్రిలో కోసింది. రక్తం ఉతికినా పోలేదు. రెండో కాలుకి ఇస్త్రీ మడత అలాగే ఉంది.

"ఆ రోజు నేనే ఇస్త్రీ చేసిచ్చానండి. జ్వరమొచ్చి సెలవు పెట్టినాయన యూనిఫాం వేసుకుని, బూట్లకి పాలిష్ పెట్టుకుని వెళ్తారా? ఎవరు పెట్టారండీ ఆ సెలవు?"

ఆమెకి నిజంగా తెలీదు. నన్ను నిలదీయడానికి రాలేదు, అక్కా అక్కా అని మొగుడు చెప్పుకునే మనిషి కదా, కనుక్కుని చెప్తుందని వచ్చింది. చుట్టూ నలుగురు కానిస్టేబుళ్ళున్నారు, ఒక్కడూ తలెత్తలేదు. అందరి చీటీలూ నా డ్రాయర్లో ఉన్నాయి మరి. నేనే పెట్టానమ్మా అన్నాను. ఆమెకి వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, డ్రాయరు తెరిచి కట్ట చూపించి, ఎలా రాశానో, ఎందుకు రాశానో మొత్తం చెప్పాను. ఆమె విని, ప్యాంటు మడిచి కవర్లో పెట్టుకుని, పిల్లని సర్దుకుని వెళ్ళిపోయింది. బస్టాండు వైపు నడుస్తుంటే వెనక నుంచి చూశాను. ఆ పిల్ల నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. నేను రాసిచ్చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. సర్వీసు ఇంక మూడేళ్ళుంది, ఏఎస్సై ప్రమోషన్ లిస్టులో పేరుంది, అది పోతుంది. ఇంక్రిమెంటు ఆపితే ఆ దెబ్బ పెన్షన్ మీద కూడా పడుతుంది, మనం పోయేదాకా. పైగా ఉద్యోగమే పోయినా పోవచ్చు, తప్పుడు రికార్డు రాయడమంటే చిన్న నేరం కాదు. ఆయన భోంచేస్తూ విన్నాడు. అన్నం కలపడం ఆపలేదు.

"నా పనిలో చెయ్యి కాలితే ఆ రోజు కూలి పోతుంది, అంతే. పక్కవాడి చెయ్యి కాల్చి నేను కూలి తీసుకోవడం ఎప్పుడూ లేదు," అన్నాడు.

చారు ఇంకొంచెం పొయ్యి అన్నాడు. నాకు కోపమొచ్చింది. కాపురంలో ఎప్పుడూ ఇంతే, నేను గంట మాట్లాడితే ఆయన ఒక్క ముక్క అంటాడు, ఆ ముక్కే సరైనది అవుతుంది. చారు పోశాను.

మర్నాడు ఎస్సై గారికి ముందుగా చెప్పి, వాంగ్మూలం రాశాను. నాలుగు పేజీలు. చీటీల ఆచారం నాదేనని రాశాను, నా ముందువాళ్ళని లాగలేదు. ఎస్సై గారి నోటి మాట సంగతి రాయాలా వద్దా అని తికమకపడుతుంటే ఆయనే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, నేనూ రాస్తానమ్మా, కాగితం ఇటివ్వండి అన్నారు. ఆ కుర్రాడి మీద ఆ రోజు నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. తర్వాత ఆయన్ని ఎక్కడికో బదిలీ చేశారు, వెళ్ళేటప్పుడు కూడా నవ్వుతూనే వెళ్ళారు.

విచారణ జరిగింది. ఆ ఊరి నుంచి వరి రైతుల్నీ చెరువులవాళ్ళనీ సాక్ష్యానికి పిలిచారు. ఏ ఒక్క విషయంలోనూ ఒకరి మాట ఒకరికి పొసగని మనుషులు, ఉప్పునీళ్ళ గొడవ మళ్ళీ మొదలైంది కూడా, వరండాలోనే వాదులాడుకుంటున్నారు. లోపలికి పిలిచి అడిగితే మాత్రం రెండు పక్షాలవాళ్ళూ ఒకటే చెప్పారు. ఆ రోజు ఆ కానిస్టేబులు గారు యూనిఫాంలో వచ్చారు, మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు అని. అతని భార్య ఆ ప్యాంటు తెచ్చి చూపించింది. విచారణ చేసిన అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి ఆయన చేతులతోనే తిరిగి ఇచ్చారు.

ఆ రోజుని డ్యూటీగా మార్చారు. కరిగిపోయిన సెలవులన్నీ అతని ఖాతాలోకి తిరిగొచ్చాయి, మొదటి రోజు నుంచీ హాస్పిటల్ లీవు కింద లెక్కగట్టారు. నాకు రెండేళ్ళ ఇంక్రిమెంటు శాశ్వతంగా పోయింది, ప్రమోషన్ లిస్టులో పేరు పోయింది. ఉద్యోగం మిగిలింది, రైటరు బల్ల కూడా. పాత అధికారుల్లో ఒకాయన, ఇన్నేళ్ళ సర్వీసు చూసి వదిలేశారమ్మా అన్నారు. శిక్ష కాగితం అందుకున్న రోజు మా నాన్న గుర్తొచ్చాడు, కారం డబ్బా గుర్తొచ్చింది. నవ్వొచ్చింది కూడా.

కట్టలో మిగిలిన చీటీలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాను. ఇదేదో మంచి పని, అందరూ మెచ్చుకుంటారనుకున్నాను, నా మొహం. ఎవరికీ నచ్చలేదు. రేపు మాకు ప్రాణం మీదకొస్తే ఎవరు కాస్తారు మేడమ్ అన్నారు. పై నెలలోనే ఒకతను తల్లి చావుకి ఉన్నపళంగా వెళ్ళిపోయి, రోల్‌కాల్‌లో లేడు. నేను గైర్హాజరు అని రాశాను. రాస్తూ ఎదురుగా ఒక్క వాక్యం అదనంగా రాశాను, తల్లి మరణవార్త విని వెళ్ళినట్టు తెలిసింది అని. రూలులో అలా రాయమని లేదు, రాయకూడదనీ లేదు. ఆ వాక్యం చూసి పైవాళ్ళు ఆ రోజుని సెలవుగా మార్చారు. అప్పట్నుంచీ అలాగే రాసేదాన్ని. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి పది ఫోన్లు చేయాల్సొచ్చేది, తల ప్రాణం తోకకొచ్చేది. డ్రాయరు లాగినంత తేలిక కాదు.

పదకొండు నెలల తర్వాత అతను డ్యూటీలో చేరడానికి వచ్చాడు. పొద్దున్న ఏడింటికి పావుగంట ముందే స్టేషన్ మెట్ల దగ్గర ఆటో దిగాడు. చేతికర్ర లేదు కానీ ఎడంకాలు కొంచెం ఈడుస్తున్నాడు. కొత్త యూనిఫాం, ఇస్త్రీ మడత నిలబడి ఉంది. అందరం చుట్టూ మూగాం. రోల్‌కాల్‌లో అతని నంబరు పిలవగానే గట్టిగా పలికాడు. తేలిక డ్యూటీ వేయమని ఆర్డరు ఉంది, నా పక్క బల్ల దగ్గరే వేశాను.

అందరూ బీట్లకి వెళ్ళిపోయాక ఇద్దరమే మిగిలాం. టీ వచ్చింది. హాస్పిటల్ లీవు ముగించుకుని డ్యూటీకి హాజరైనట్టు అతని పేరు డైరీలో రాస్తున్నాను. అతను గ్లాసు పట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. చూస్తూనే అన్నాడు.

"అక్కా, ఆ రోజు ఆ రైతు ఫోన్ స్పీకర్లో పెట్టాడు."

వాంగ్మూలంలో నాలుగు పేజీలు రాసిన దాన్ని, ఆ ఫోన్లో నేనన్న మాట ఒక్కటి రాయలేదు. ఎవరూ అడగలేదు కదా అని. అది నాకూ ఆ రైతుకీ మధ్యే ఉండిపోయిందనుకున్నాను. ఇన్నాళ్ళూ, ఆస్పత్రిలో కమలాపండు ఒలిచిన రోజు కూడా, అతనికి తెలుసు.

"సెలవులో ఉన్నానని మీరన్నారు, విన్నాను. అప్పటికి నేను ఒక్క రోజంతా ఇంట్లో ఉండి నలభై రోజులు దాటింది. మీరా మాట అనగానే హమ్మయ్య అనిపించిందక్కా. సెలవే కదా, ఇంక లేవక్కర్లేదులే అనుకుని కళ్ళు మూసుకున్నాను," అన్నాడు.

కోపంగా అనలేదు. నవ్వుతూ అన్నాడు, తన మీద తనే నవ్వుకున్నట్టు. టీ తాగేసి గ్లాసు కడగడానికి లేవబోతే నేను వద్దని లాక్కున్నాను. అతను వచ్చిన టైము ఆరూ నలభై అయిదని రాసి, కింద సంతకం పెట్టి, గ్లాసులు రెండూ పట్టుకుని వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.